మావయ్య వద్దన్న వేషం

మావయ్య పోయాడన్న కబురు నాకు రాజోలు దగ్గర ఒక పెళ్ళిలో, మైకు చేతిలో ఉండగా తెలిసింది. నేను పెళ్ళిళ్ళకీ, దేవుడి కల్యాణాలకీ వ్యాఖ్యానం చెబుతుంటాను. వధూవరుల మధ్య తెర పట్టుకున్నారు. జీలకర్రా బెల్లం కలిపి ఎందుకు పెట్టుకుంటారో బంధువులకి వివరిస్తున్నాను. జేబులో ఫోను అదేపనిగా వణుకుతుంటే తీసి చూశాను. మావయ్య పక్కింటావిడ మెసేజి పెట్టింది. "మీ మావయ్యగారు ఇందాకే కాలం చేసేరండి. పడక్కుర్చీలో కూచున్నవారు కూచున్నట్టే. మీరు తొందరగా రండి."

ఆ పెళ్ళికి ముహూర్తం పెట్టింది మావయ్యే. ముహూర్తం ఇంకా రానేలేదు. చావు కబురు విన్నవాడు పెళ్ళి పందిట్లో ఉండకూడదు, అందులోనూ పోయింది మేనమామ. తెలుసు నాకు. కానీ ఆ నిమిషాన మైకు కింద పెట్టేస్తే పెళ్ళికూతురి తల్లి హడలిపోతుంది. కబురు వినలేదనుకున్నాను. ముహూర్తం దాటేదాకా చెప్పాల్సిందంతా చెప్పాను. తలంబ్రాలు మొదలవగానే సన్నాయివాళ్ళకి సైగ చేసి, భోజనం ముట్టుకోకుండా, ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చేశాను. మావయ్యకి తెలిస్తే చెడామడా తిడతాడనుకుంటూ బస్సెక్కాను. బస్సు కదిలాక కానీ, ఇంక తిట్టే మనిషి లేడన్న సంగతి బుర్రకెక్కలేదు.

మావయ్య మా అమ్మకి అన్న. కొత్తపేటలో ఉండేవాడు. జ్యోతిషం చెప్పేవాడు. ఆ మాటకొస్తే మా వైపు జ్యోతిషం చెప్పేవాళ్ళకి కొదవేం లేదు. మావయ్య దగ్గరకి మాత్రం సినిమావాళ్ళు వచ్చేవారు, అందులోనూ పక్క భాషల్లో ఆడిన సినిమాని కొనుక్కుని తెలుగులో మళ్ళీ తీసేవాళ్ళు. ఏ వేషం ఎవరికివ్వాలో అడగడానికి. వింటే నవ్వొస్తుంది కానీ నిజం. ఎవరో నిర్మాత కూతురి పెళ్ళికి జాతకాలు చూపించుకున్నాడట. ఆ పెళ్ళి బాగా కుదిరిందన్న గురితో, తరవాత తాను కొన్న తమిళ సినిమాకి హీరో జాతకం కూడా పట్టుకొచ్చాడు. ఆ సినిమా ఆడింది. ఇక అక్కణ్ణించి హైదరాబాదు కార్లు కాలవగట్టు మీద మావయ్య ఇంటికి దారి అడుగుతూ రావడం మొదలైంది.

ఆయన పద్ధతి ఆయనది. ముందు అసలు సినిమాలో ఆ వేషం కట్టినాయన జాతకం సంపాదించి తెమ్మనేవాడు. దాన్నొక పక్కా, ఇక్కడ వెయ్యబోయేవాడి జాతకం ఒక పక్కా పెట్టుకుని, పెళ్ళికి పొంతన చూసినట్టే చూసేవాడు. "కథ కొనుక్కున్నారు, బానే ఉంది. దాన్ని అక్కడ ఆడించిన జాతకాన్ని కొనలేదు కదండీ" అనేవాడు. సినిమావాళ్ళు బుద్ధిగా తలలూపేవారు. కథలో ఒక్క సీను మార్చమంటే కొట్టుకు చచ్చేవాళ్ళు, గ్రహం బాలేదంటే హీరోయిన్ని మార్చేసేవాళ్ళు.

కథ మొత్తం చెప్పమనేవాడు, పాటలు మాత్రం వద్దనేవాడు. చెబుతున్నంతసేపూ తలొంచుకుని వక్కలు కత్తిరించుకునేవాడు. వింటున్నాడో లేదో తెలిసేది కాదు. అంతా అయ్యాక, ఇందులో పోయేదెవరు, ఏడిచేదెవరు, ఇల్లొదిలి వెళ్ళి తిరిగొచ్చేదెవరు అని అడిగేవాడు. మిగతా గొడవ ఆయనకి అక్కర్లేదు. ఒకసారి ఒక హాస్యనటుడి జాతకం చూసి, "ఈయనకి నవ్వించే యోగం లేదండీ. నవ్వులపాలయ్యే యోగం మాత్రం దివ్యంగా ఉంది" అన్నాడు. ఆ నటుడు ఎదురుగానే కూచుని ఉన్నాడు. ఆ వేళ అక్కడికొచ్చిన అమ్మ వంటింట్లోంచి విని తల కొట్టుకుంది.

మావయ్య కోపిష్టి. ఫోనులో జాతకం చెప్పడు. మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగేదాకా ఎవరొచ్చినా వీధి అరుగు మీద కూచోవాల్సిందే. పిల్లల్లేరు, అత్తయ్య ఎప్పుడో పోయింది, అయినా రెండు గ్లాసుల కాఫీ పెట్టుకుని రెండూ తనే తాగేవాడు. చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని చెప్పేవాడు. ఎదుటివాళ్ళ మొహం కనబడకుండా ఉండడానికేనని నా అనుమానం.

ఇక నా సంగతి. చదువుకునే రోజుల్నించీ నాకు నాటకాల పిచ్చి. పరిషత్తు పోటీలకి ఊళ్ళు పట్టుకు తిరిగాను. టీవీ సీరియళ్ళలో తలుపు తీసే వేషాలూ, కబురు తెచ్చే వేషాలూ వేశాను. అమ్మకి ఇదేం నచ్చేది కాదు. నాన్నగారికి మాత్రం నన్ను తెరమీద చూడాలని మహా కోరిక. ఆయన అమలాపురంలో లెక్కల మాష్టారు. నా నాటకం ఎక్కడున్నా సాయంత్రానికల్లా అక్కడికొచ్చి, ముందు వరసలో కూచుని, నా డైలాగులన్నీ నాతోపాటు పెదాలు కదుపుతూ చెప్పుకునేవారు. నేనెక్కడైనా ఒక ముక్క మర్చిపోతే ఆయన మొహంలోకి చూసి అందుకునేవాణ్ణి. తరవాత గుండెజబ్బు వచ్చి ప్రయాణాలు మానేశారు. మానేశాక ఆ కోరిక ఇంకా ఎక్కువైంది.

అలాంటి రోజుల్లో నాకొక అసలైన వేషం దొరికింది. మలయాళం నుంచి కొన్న సినిమా. అందులో చిన్నకొడుకు వేషం. తండ్రితో దెబ్బలాడి ఊరొదిలి పోతాడు. తిరిగొచ్చేసరికి తండ్రి ఉండడు. ఏటి ఒడ్డున మీసం తీయించుకుని, నిప్పుకుండ పట్టుకుని, చితికి నిప్పు పెడతాడు. మలయాళంలో ఆ నటుడు కెమెరా ముందే నిజంగా మీసం గొరిగించుకున్నాడు. ఆ సీనుకి జనం హాళ్ళలో భోరున ఏడ్చారట. మన డైరెక్టరు కూడా అచ్చం అలాగే తియ్యాలని పట్టుబట్టాడు. నా మొహం చూసి, నాచేత నాలుగు ముక్కలు చెప్పించుకుని, "నువ్వే" అన్నాడు. నిర్మాత మాత్రం, కొత్తపేట గురువుగారు సరేనంటే సంతకం పెడదాం అన్నాడు. ఆ గురువుగారు నా మేనమామేనని చెబితే నిర్మాత నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇంక అయిపోయినట్టే అనుకున్నాం. నాన్నగారు తనతో పని చేసిన మాష్టర్లందరికీ ఫోన్లు చేసి చెప్పేశారు కూడా.

వాళ్ళొచ్చేరోజు నేనూ అమ్మా ముందే కొత్తపేట వెళ్ళాం. నిర్మాత కథ చెప్పాడు. మావయ్య వక్కలు కత్తిరిస్తూ విన్నాడు. నా జాతకం చూడనక్కర్లేదు, నేను పుట్టినప్పుడు రాసింది ఆయనే. ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆ మలయాళం ఆయన మీసం నిజంగా తీసేరా, అంటించిన మీసం పీకేరా అండీ?"

"నిజంగానేనండీ. అసలు ఆ సీనుతోనేనండీ సినిమా ఆడింది" అన్నాడు నిర్మాత ఉత్సాహంగా.

మావయ్య అడకత్తెర కింద పెట్టాడు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది.

"ఈ అబ్బాయి వద్దండి. మేనల్లుడని మొహమాటపడి చెప్పకపోతే మీకు ద్రోహం చేసినవాణ్ణవుతాను. వేషానికీ వీడికీ పొంతన లేదు."

నిర్మాత నాకేసి జాలిగా చూసి లేచాడు. కారు వెళ్ళాక నేను మావయ్య మీద విరుచుకుపడ్డాను. ఏం పొంతన లేదో చెప్పమన్నాను. ఆయన కత్తిరించిన వక్కలన్నీ దగ్గరికి తీశాడు. తరవాత మెల్లగా అన్నాడు.

"మీ నాన్నకి ఈ ఏడు బాగాలేదురా. నీ జాతకంలోనూ తండ్రికి గండం ఉంది. తండ్రి ఉండగా మీసం తీసి నిప్పుకుండ పట్టుకుంటావా?"

"అది సినిమా మావయ్యా!"

"కుండ సినిమాదే. నిప్పూ, మంత్రం, నీ మీసం... ఇవి కూడా సినిమావేనా?"

"గుమ్మడికాయ కొడతారు. చచ్చిన వేషం వేసినవాణ్ణి లేపి కెమెరాకేసి నవ్విస్తారు. దోషం పోతుంది. అందరూ చేసేదే."

"చచ్చిన వేషానికైతే నవ్వు సరిపోతుందిరా. కర్మ చేసే వేషానికి ఏం సరిపోతుంది?"

అమ్మ అన్నగారి పక్క చేరిపోయింది. మెళ్ళో సూత్రాలు కళ్ళకద్దుకుని, "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఆ వేషం మనకొద్దు" అంది. అమ్మ అలా అన్నాక నేనింకేం మాట్లాడగలను? నాన్నగారికి అసలు కారణం చెప్పొద్దనుకున్నాం. వేషం ఇంకెవరికో ఇచ్చేశారని చెప్పాను. ఆయన పేపరు మడత పెట్టి, "పోన్లేరా, ఇంకోటి వస్తుంది" అన్నారు.

ఇంకోటి రాలేదు. సినిమావాళ్ళలో కబురు గాలి కన్నా ముందు వెళుతుంది. కొత్తపేట గురువుగారు సొంత మేనల్లుణ్ణే వద్దన్నాడంటే వాడి జాతకం ఇంకెంత చెడ్డదో అనుకున్నారు. టీవీవాళ్ళు కూడా పిలవడం మానేశారు.

నాన్నగారు ఆ ఏడు దాటలేదు. ఒక ఉదయం స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయారు. ఆ సమయంలో ఆ సినిమా షూటింగు నడుస్తోంది. ఎక్కడో ఏటి ఒడ్డున ఇంకో కుర్రాడు కెమెరా ముందు మీసం తీయించుకుంటున్నాడు, ఇక్కడ నేను కెమెరా లేకుండా తీయించుకున్నాను. ఇది కల్పించి చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోండి, నాకూ అలాగే అనిపించింది. మావయ్య శ్మశానంలో అందరికీ దూరంగా, తడిబట్టలతో నిలబడ్డాడు. నేనాయనకేసి చూడలేదు. చూస్తే ఏమంటానోనని భయం వేసింది.

తరవాత చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. వేషం పోగొట్టినందుకు కాదు. వేషం పోగొట్టి కూడా నాన్నగారిని నిలబెట్టలేకపోయినందుకు. రెండిట్లో ఒకటైనా మిగలాలి కదా అని ఏడుపొచ్చేది. ఆయన మటుకు ప్రతి ఏకాదశికీ అమలాపురం వచ్చి, అమ్మ దగ్గర కాసేపు కూచుని, నాకోసం ఒక అరటిపళ్ళ అత్తం అక్కడ పెట్టి వెళ్ళిపోయేవాడు. నేను పెరటివైపు వెళ్ళిపోయేవాణ్ణి. పళ్ళు మాత్రం తినేవాణ్ణి.

సినిమావాళ్ళని ఆ తరవాత మావయ్య గుమ్మం ఎక్కనివ్వలేదు. ఎంత పెద్దవాళ్ళొచ్చినా, "నాకిప్పుడు కనబడట్లేదండీ" అనేవాడు. వాళ్ళు చూపు మందగించిందనుకుని కంటి డాక్టర్ల పేర్లు చెప్పి వెళ్ళేవారు. పెళ్ళి ముహూర్తాలు మాత్రం పెట్టేవాడు. పెట్టిన ప్రతిచోటా చివర్న ఒక మాట కలిపేవాడు. "వ్యాఖ్యానానికి మా మేనల్లుడున్నాడండీ. గొంతు బావుంటుంది." నేను మాట్లాడని రోజుల్లో కూడా అనేవాడట. ఆ మాట మీద రామచంద్రపురం నుంచి దిండి దాకా నన్ను పిలిచారు. ఒక స్కూల్లో తెలుగు చెప్పుకునే నాకు, మైకు ముందు నిలబడే బతుకు ఆయన ఇచ్చిందే. మొదట్లో అది తెలిసి మండిపడ్డాను. తరవాత్తరవాత, పందిట్లో జనం మాట్లాడుకోవడం మానేసి నా మాట వింటున్నప్పుడు, కృతజ్ఞత తప్ప ఇంకేం మిగల్లేదు. ఒక శ్రీరామనవమికి ఉప్పలగుప్తంలో కల్యాణం చెబుతుంటే, జనంలో వెనకెక్కడో నిలబడి వింటూ కనిపించాడు. పానకం గ్లాసు పట్టుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. "మిరియం ఎక్కువేసేరు" అన్నాడు. అంతే, ఆ రోజునుంచి మళ్ళీ మాటలు కలిశాయి.

కిందటి ఆషాఢంలో ఆయన దగ్గరే ఎక్కువ ఉన్నాను. ఆషాఢంలో ముహూర్తాలుండవు. ఆయనకీ పని లేదు, నాకూ పని లేదు. కాళ్ళకి నీరు పట్టి పడక్కుర్చీ దిగడం మానేశాడు. బయట ఎడతెగని వాన. వక్కలు కత్తిరించే ఓపిక లేక నా చేత కత్తిరించి, ముక్కలు పెద్దవయ్యాయని విసుక్కునేవాడు. ఒక మధ్యాహ్నం కాఫీ కూడా తాగకుండానే మాట్లాడాడు.

"మీ నాన్న వచ్చేరురా అప్పుడు."

"ఎప్పుడు మావయ్యా?"

"సినిమావాళ్ళొచ్చి వెళ్ళిన మర్నాడు. మీ అమ్మకి చెప్పకుండా, ఒక్కరూ బస్సెక్కి వచ్చేరు. ఆ అరుగు ఎక్కడానికే ఆయాసపడ్డారు. కాఫీ ఇస్తే తాగలేదు. 'బావగారూ, మీరెందుకు వద్దన్నారో నాకు తెలుసండి. నాకు చెప్పకుండా దాచేరు కానీ, మీ చెల్లెలి మొహం చూస్తే తెలీదా? నా సంగతి వదిలెయ్యండి. వాణ్ణి ఒక్కసారి తెరమీద చూస్తే చాలు నాకు' అన్నారు."

నా చేతిలో అడకత్తెర ఆగిపోయింది. "నువ్వేమన్నావు?"

మావయ్య కళ్ళద్దాలు తీశాడు. "'మీకు చాలండీ. మా చెల్లెలికి చాలుతుందా?' అన్నాను. తను వచ్చినట్టు ఎవరికీ చెప్పొద్దని లేచి వెళ్ళిపోయేరాయన. ఆ నిర్మాత అప్పటికింకా ఎవర్నీ పెట్టుకోలేదురా. ఒక్క ఫోను చేస్తే అయిపోయేది. చెయ్యలేదు. ఆయన గండం ఆపుదామనుకున్నాను. ఆగలేదు. నీ వేషమూ పోయింది, ఆయన కోరికా పోయింది."

"జాతకం తప్పింది కదా మావయ్యా?" ఆయనకి ఊరటగా ఉంటుందని అన్నాను.

"జాతకం తప్పలేదురా. ఆ ఏడు గండం ఉంది, ఉన్నట్టే అయింది. వేషం ఆపితే గండం ఆగుతుందని మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. అది నేను కల్పించుకున్నాను." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు.

కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. గుండెజబ్బు మనిషి, నన్ను తెరమీద చూడడం కోసం ఆ అరుగు ఎక్కి ఆయాసపడుతూ కూచున్న మనిషి, ఆయనొక్కరే కళ్ళముందు కదిలారు. ఆశపడ్డారని తెలుసు. అంత ఆశపడ్డారని నాకు తెలీదు. ఆ మాటని ఇన్నేళ్ళు ఒక్కడే మోసిన మావయ్యని చూస్తే ఇంకా దుఃఖం వచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర కూచుని వక్కలు చిన్న ముక్కలుగా కత్తిరించాను.

మావయ్యకి కర్మ నేనే చేశాను. నిప్పుకుండ పట్టుకుని నడుస్తుంటే, జాతకాలన్నీ చూసిన మనిషి తన చివరికి ఎవరుంటారో చూసుకున్నాడా అనిపించింది. చూసుకునే ఉంటాడు. చెప్పడు అంతే.

అన్నీ అయ్యాక అమ్మనీ తీసుకుని అమలాపురం వచ్చేశాను. అమ్మకిప్పుడు అక్షరాలు ఆనవు. అందుకే ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను. టీవీ మాత్రం బాగా దగ్గరగా కుర్చీ వేసుకుని చూస్తుంది. మొన్న మధ్యాహ్నం ఏదో ఛానెల్లో ఆ సినిమా వచ్చింది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరం అది చూడలేదు. నేను మార్చబోతుంటే, "ఉంచరా" అంది.

కదలకుండా చూసింది. ఏటి ఒడ్డు సీను వచ్చింది. మంగలి ఆ కుర్రాడి పై పెదవి మీద కత్తి పెట్టాడు. అమ్మ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది.

"ఈ అబ్బాయికి అప్పటికి తండ్రి ఉన్నాడా?"

ఉన్నారు. నిక్షేపంలా ఉన్నారు. సినిమా ఆడినందుకు చేసిన సభలో ముందు వరసలో కూచున్నారు. ఈమధ్యనే, ఆయన పుట్టినరోజుకి ఆ నటుడు కేకు తినిపిస్తున్న ఫొటో నా ఫోనులోకి కూడా వచ్చింది.

"లేడమ్మా. ఇతని చిన్నప్పుడే పోయాడట" అన్నాను. ఏ పరిషత్తు పోటీలోనూ నేనంత బాగా చెప్పి ఉండను.

అమ్మ నెమ్మదిగా తలూపింది. "అదీ మరి. అన్నయ్య ఊరికే అనడు" అంది.

తెరమీద ఆ కుర్రాడు నిప్పుకుండతో నడుస్తున్నాడు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. నాన్నగారిని తీసుకెళ్ళినప్పుడూ, మావయ్యని తీసుకెళ్ళినప్పుడూ అమ్మ వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ తరవాత అక్కడ ఏం చేస్తారో తనెన్నడూ చూసింది లేదు. కుర్చీ ఇంకొంచెం ముందుకి లాక్కుంది. చితి అంటుకుంది. ఆ వెలుగు మొహం మీద కదులుతుండగా, అమ్మ రెండు చేతులూ జోడించి, అది పూర్తిగా కాలిపోయేదాకా చూస్తూ కూచుంది.